జోగమ్మ గుణగణాల మీద సర్వసభ్య సమావేశం

టాటానగర్ భాలుబాసా పేటలో మా జోగమ్మత్త తెలియని ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే వాళ్ళు చీర కట్టనివాళ్ళై ఉండాలి. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను, గోడకి రంగురంగుల దారపుకండెలు, గుమ్మం మీద 'ఇక్కడ ఫాల్, పీకో చేయబడును' అని హిందీలో ఒక బోర్డు. మావయ్య తవిటయ్య టాటానగర్ స్టేషన్లో బోగీల కింద దూరి బ్రేకులు చూస్తాడు. ఇంట్లో బ్రేకులన్నీ అత్త చేతిలోనే ఉంటాయి.

టెక్కలి పక్క పల్లెలో పదో తరగతి అవగానే పెళ్ళి చేసుకుని టాటా వచ్చింది. వచ్చిన కొత్తలో ఒక్క ముక్క హిందీ రాదు. నీళ్ళ టాంకరు దగ్గర పోట్లాడి పోట్లాడి నేర్చుకుంది. అందుకే ఇవాళ్టికీ అత్త హిందీలో 'దయచేసి' అన్న మాట ఉండదు. మిగతావన్నీ ఉంటాయి.

కూతురు యోగిత పదకొండో తరగతిలో చేరినప్పుడు అత్తకి చదువు పట్టుకుంది. పిల్ల పుస్తకం మిషను మీద తెరిచిపెట్టుకుని, కాలితో తొక్కుతూ చదివేది. అక్బరు రెవెన్యూ విధానం చదువుతూ ఒకావిడ చీరకి ఫాలు తిరగేసి కుట్టేసిన రోజులున్నాయి. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టి, ఒకసారి తప్పి, రెండోసారి పాసయింది. అదే ఏడాది యోగితా పాసయింది. తల్లికి డిగ్రీ చేరాలని ఉందని తెలియగానే యోగిత కామర్స్ అనేసి, ఊరికి రెండో చివర ఉన్న కాలేజీ చూసుకుంది.

"మమ్మీ కే సాథ్ ఏక్ హీ కాలేజ్? మై మర్ జావూంగీ," అంది నాతో. అమ్మతో ఒకే కాలేజీ అంటే చచ్చిపోతుందట.

నేను సాక్చి బజార్లో ఒక జిరాక్స్ షాపులో కూర్చుంటాను. డిగ్రీ లేని నేను, డిగ్రీ చేరేవాళ్ళకి ఆన్‌లైన్ ఫారాలు నింపి బతుకుతున్నాను. తండ్రి పేరు రాయమంటే ఫోను తీసి తండ్రికే ఫోన్ చేసేవాళ్ళు నా కళ్ళ ముందే ఆనర్సులో చేరిపోతుంటారు. చేరాలని మనసున్నవాళ్ళకి మాత్రం ఎప్పుడూ ఒక కాగితం తక్కువవుతుంది.

"దూరవిద్యలో కట్టేస్తే పోదా అత్తా? ఇంట్లోనే చదువుకోవచ్చు," అన్నాను.

"ఇంట్లో కూకుని చదవడం అయిపోనాదిరా. నాకు కాలేజీ కావాల. గంట కొట్టాల, మేష్టారు లోపలికి రావాల, నాను నేచి నిలబడాల. మీ మావయ్య వచ్చినప్పుడు ఎలాగూ నిలబడను గదా."

వెబ్‌సైటు తెరిచి, కావలసిన కాగితాల జాబితా చదివాను. ఇంటర్ మార్కులు ఉన్నాయి. మైగ్రేషన్ సర్టిఫికెట్ ఉంది. ఆధార్, ఫోటోలు ఉన్నాయి. చివర్న కేరెక్టర్ సర్టిఫికెట్ అని ఉంది. ఆఖరుగా చదివిన బడి నుంచి గానీ, ఎవరైనా గెజిటెడ్ ఆఫీసరు నుంచి గానీ తేవాలి. అత్త చదివిన ఓపెన్ స్కూలు సెంటరు మూసేసి అక్కడ మొబైల్ షాపు పెట్టారు.

"గవర్నమెంటు డాక్టరు చేత సంతకం పెట్టిద్దాం. అందరూ అదే చేస్తారు," అన్నాను.

మావయ్య టీగ్లాసు కింద పెట్టాడు. "ఆ డాక్టరుకి మీ అత్త తెల్సా?"

"తెలియక్కర్లేదు మావయ్యా."

"ముక్కూ మొగం తెలీనోడు గుణం మంచిదని ఎలా రాత్తాడ్రా? రేపు కాలేజీవోళ్ళు ఫోన్ చేసి, జోగమ్మ ఎలాంటి మనిషని అడిగితే ఏటి చెప్తాడు? మన సంగం నేదేటి?"

మావయ్య అన్నదాంట్లో తర్కం ఉంది. మా పేటలో తెలుగువాళ్ళ సంఘానికి ఒక పాత అలవాటుంది. ఇక్కడి కుర్రాడికి శ్రీకాకుళం వైపు నుంచి సంబంధం వస్తే, పిల్ల తండ్రి ఇంతదూరం వచ్చి వాకబు చెయ్యలేడు కాబట్టి సంఘం ఒక ఉత్తరం రాసి పంపుతుంది. అందులో అబద్ధాలుండవు. 'తాగుడు లేదు, ఖైనీ ఉంది, మానమంటే మానుతానన్నాడు' అని రాస్తారు. అక్కడివాళ్ళు జాతకం కన్నా దాన్నే నమ్ముతారు. గుణం గురించి రాయాలంటే సంఘానికి మించిన గెజిటెడ్ ఆఫీసరు మావాళ్ళ బుర్రకి తట్టదు.

"ఆ మాటా నిజమే," అంది అత్త. నా మాట అక్కడితో చచ్చింది.

సంఘం కార్యదర్శి సూర్యం గారు విషయం విని కళ్ళజోడు తుడుచుకున్నారు. "కుర్రోళ్ళకైతే ఉత్తరం నమూనా ఉన్నాది. పెళ్ళయి పిల్లున్న ఆడమనిషికి ఇచ్చిన రికార్డు నేదు. జనరల్ బాడీ పెట్టాల."

"సోమవారమే ఆఖరు తేదీ అండి," అన్నాను.

"అయితే ఆదివారం పెడదాం."

అత్త మొహంలో మొదటిసారి బెరుకు చూశాను. బెరుక్కి కారణం ఉంది. సంఘం అధ్యక్షుడు గౌరీశంకర్ గారు మెత్తని మనిషే. ఆయన భార్య రోహిణికీ అత్తకీ మాత్రం, రోహిణి చెల్లెలి పెళ్ళికని అత్త కుట్టిన జాకెట్టు దగ్గర మాటలు పోయాయి. పట్టుజాకెట్టు బిగుతైందని రోహిణి తెచ్చి పడేస్తే, నలుగురు ఆడవాళ్ళ ముందు అత్త, "జాకెట్టు బిగుసుకోనేదు, నువ్వు ఒళ్ళు చేసినావు," అంది. అప్పట్నుంచి ఒకరున్న ఆటో ఇంకొకరు ఎక్కరు.

ఆదివారం సంఘం హాలు నిండిపోయింది. వార్షిక లెక్కలకి కోరం లేక మూడుసార్లు వాయిదా పడే సంఘం ఇది. జోగమ్మ గుణం గురించి మీటింగనేసరికి కుర్చీలు చాలక పక్కింటి నుంచి చాపలు తెచ్చారు.

గౌరీశంకర్ గారు లేచి గొంతు సవరించుకున్నారు. "మన జోగమ్మ చెల్లెమ్మ కాలేజీలో చేరుతున్నాది. సంతోషం. ఆవిడ నడవడి గురించి ఎవరికేటి తెల్సినా భయపడకుండా చెప్పండి."

భయపడకుండా అనేసరికి అందరికీ అన్నీ గుర్తొచ్చాయి. ఒకావిడ టాంకరు దగ్గర బిందె విసిరిన సంగతి చెప్పింది. వెనకనుంచి ఒకాయన, "కుక్కని కొట్టబోయి నన్ను కొట్టింది," అన్నాడు.

"కుక్క పక్కకి తప్పుకున్నాది, నువ్వు తప్పుకోనేదు. నాదేటి తప్పు?" అంది అత్త కూర్చున్న చోటునుంచే.

మావయ్య ఆవిడ చెంగు లాగాడు. "నోరు మూసుకోయే. గుణం చూత్తన్నారు."

అప్పుడు రోహిణి లేచింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లోంచి ఆకుపచ్చ పట్టుజాకెట్టు తీసి, కోర్టులో రక్తం అంటిన కత్తి చూపించినట్టు హాలంతటికీ చూపించింది.

"ఇదుగో సాక్ష్యం. కుట్టు చెడిపిందే కాక నలుగుర్లో నా పరువు తీసింది. తప్పు ఒప్పుకోని మనిషికి గుణం మంచిదని సంగం ఎలాగ రాత్తాది?"

గౌరీశంకర్ గారు జాకెట్టు వంక చూశారు, భార్య వంక చూశారు, తర్వాత సీలింగు ఫ్యాను వంక చూశారు. ఆ ఇంటికి తిరిగి వెళ్ళవలసినవాడు ఆయన. "చెల్లెమ్మా, ఒక్కమాట అనేస్తే అయిపోద్ది గదా," అన్నారు నీరసంగా.

అత్త కదల్లేదు. కుక్క సంగతీ బిందె సంగతీ ఎన్నయినా ఒప్పుకుంటుంది. కొలత తప్పని ఒప్పుకోవడం వేరు. ఇన్నేళ్ళూ భాలుబాసా ఆడవాళ్ళు ఆవిడ నోటిని భరించింది ఆవిడ కొలత టేపు కోసమే.

"టైమవుతున్నాది," అన్నారు సూర్యం గారు.

అత్త లేచింది. రోహిణి వైపు కాదు, జాకెట్టు వైపు చూస్తూ అంది. "ఒళ్ళు చెయ్యనేదు ఒదినా నువ్వు. నా టేపుదే తప్పు."

చెప్పి కూర్చుంది. అంత చిన్న గొంతు ఆవిడకుందని అప్పటిదాకా నాకు తెలియదు. నాకు కుర్చీ ఎత్తి ఎవరినైనా కొట్టాలనిపించింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు.

చప్పట్లు ఆగకముందే వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో అంటోంది: "అయితే నా జాకెట్టు కూడా టేపు తప్పేనే. నాను లావైపోనాననుకుని అన్నం మానేసినాను." సాయంత్రానికి అత్త గుమ్మంలో పాత జాకెట్లు గుట్టపడ్డాయి. అన్నీ ఉచితంగా వదులు చెయ్యాలి. పేటలో ఏ ఆడదీ ఒళ్ళు చెయ్యలేదని సంఘం తేల్చేసింది మరి.

సూర్యం గారు రాత్రే ఉత్తరం రాసిచ్చారు. సంఘం లెటర్‌హెడ్ మీద, పైన రాముడి బొమ్మ, తెలుగులో ఇలా ఉంది: 'శ్రీమతి జోగమ్మ మేము పెళ్ళినాటి నుంచి ఎరిగిన మనిషి. నోరు పెద్దది. చెయ్యి శుభ్రం. కోపం త్వరగా వచ్చును, వచ్చినంత త్వరగా పోవును. ఒకరి మాట ఇంకొకరికి మోయదు, ఏమున్నా ఎదురుగానే అనును. కొలత విషయంలో పొరపాటు సభాముఖంగా ఒప్పుకున్నది. కాలేజీలో చేర్చుకొనవచ్చును.' కింద కమిటీ అంతా సంతకాలు చేసింది. శుభకార్యం కదా అని నాలుగు మూలలా పసుపు కూడా రాశారు. ఫారాలు నింపే వృత్తిలో నేను చూసిన సర్టిఫికెట్లలో నిజం రాసి ఉన్నది ఇదొక్కటే.

సోమవారం కాలేజీలో గేటు దగ్గరే ఆపారు. "గార్జియన్ బాహర్ బైఠేంగే," అన్నాడు కాపలావాడు, అత్తని నా తల్లనుకుని, పెద్దవాళ్ళు బయటే కూర్చోవాలంటూ.

"గార్జియన్ యే హై," అని నన్ను చూపించి అత్త లోపలికి నడిచింది. నేను బయట నిలబడకుండా వెనకే దూరాను.

కౌంటరులో గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. పసుపు ఉత్తరం దగ్గర ఆగి, రాముణ్ణి చూసి, మూలలు చూసి నవ్వాడు. "షాదీ కా కార్డ్? ముబారక్ హో," అని, పెళ్ళి శుభలేఖనుకుని పక్కన పెట్టాడు.

"షాదీ నై, కేరెక్టర్!" అంది అత్త.

అతను మళ్ళీ తీసి అటూ ఇటూ తిప్పాడు. తెలుగు రాదు. నేను హిందీలో చదివి వినిపించాను. 'నోరు పెద్దది' దగ్గర అతను తలూపాడు. అంతా విని, చాలా మర్యాదగా, ఇది చెల్లదన్నాడు. గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి, నాలుగింటికి కౌంటరు మూసేస్తారు.

అత్త నా వంక చూసింది. 'నేను ముందే చెప్పాను' అనక్కర్లేనంత ఆనందం ఎప్పుడో గానీ దొరకదు. కానీ గడియారం చూడగానే అదీ పోయింది.

ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి పరిగెత్తాం. బయట ఫోటోస్టాట్ కొట్టులో కేరెక్టర్ సర్టిఫికెట్లు అచ్చువేసి దస్తాలుగా అమ్ముతున్నారు. లోపల డాక్టరు రోగుల చీటీల మధ్యనే మా కాగితం లాక్కున్నాడు. 'ఈమెను నేను గత అయిదేళ్ళుగా స్వయంగా ఎరుగుదును, ఈమె నడవడి ఉత్తమమైనది' అని అందులో ముందే అచ్చయి ఉంది.

"నామ్?" అన్నాడు తలెత్తకుండా.

అత్త నా చెవిలో, "అయిదేళ్ళుగా ఎరిగినోడు నా పేరు అడుగుతున్నాడేట్రా?" అంది.

"చెప్పు అత్తా."

"జోగమ్మ," అంది. సంతకం, ముద్ర పడిపోయాయి. ఆవిడకి ఇంకా మనసు ఒప్పలేదు. "సాబ్, ఆప్ హమ్ కో జాన్తా హై?" అని, నిజంగా తనని ఎరుగుదురా అన్నట్టు అడిగేసింది.

డాక్టరు మొదటిసారి తలెత్తాడు. "నహీ. క్యోం?"

ఆయన ముద్ర వెనక్కి తీసుకునేలోపల అత్తని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

మూడున్నరకి గుమాస్తా ఆ కాగితం చదవకుండానే గుచ్చి, రసీదు చింపి ఇచ్చాడు. బి.ఏ. మొదటి సంవత్సరం. అత్త రసీదుని రెండుసార్లు చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుంది. సాక్చి దగ్గర ఆటో దిగుతూ, "నా టేపుదే తప్పన్నాన్రా. అనవసరంగా అన్నాను," అంది.

మర్నాటికి ఆఖరు తేదీ ఇంకో వారం పొడిగించారు. ఏటా పొడిగిస్తారు. ఆ సాయంత్రం అత్త గుట్టలోని ఆకుపచ్చ జాకెట్టు కుట్లు విప్పుతుంటే, గుమ్మంలో రోహిణి కనిపించింది. వీధిలో అటూ ఇటూ చూసి లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఒదినా, నాదీ ఇంటర్ ఉన్నాది. పలాసలో చదివినాను. పిల్లలు పెద్దోళ్ళైపోనారు, ఇంట్లో పొద్దు పోదు. ఏటేటి కాయితాలు కావాల?"

అత్త చేతిలో పని ఆపకుండా అన్నీ వరసగా చెప్పింది. చెప్పి చివర్న, "కేరెక్టర్ సర్టిఫికెట్," అంది. "అదే కష్టం. మీటింగు పెట్టించు. నాను ముందు వరసలో కూకుంతాను."

రోహిణి మొహం వాడిపోయింది. భయపడకుండా చెప్పమంటే ఎవరెవరు ఏమేం చెప్తారో లోపల్లోపల లెక్కేసుకుంటున్నట్టుంది. "మీటింగు నేకుండా అవదేటి?"

"అవుద్ది. ముందు నా టేపు సంగతి తేల్చు."

రోహిణి నా వంక చూసింది. నేను ఫోను చూస్తున్నట్టు నటించాను.

"టేపు మంచిదేలే," అంది నెమ్మదిగా. "పెళ్ళికి ముందు నెల్లాళ్ళు మా పిన్నింట్లో ఉన్నాను. రోజూ అరిసెలు."

"గట్టిగా చెప్పు ఒదినా. మిషను చప్పుడుకి ఇనబళ్ళేదు."

మిషను ఆగే ఉంది. అయినా రోహిణి ఈసారి వీధిలోకి వినబడేలా చెప్పింది. "నానే ఒళ్ళు చేసినాను! టేపుది తప్పు కాదు!"

పక్కింటి కిటికీ తెరుచుకుంది. అత్త సంతృప్తిగా విప్పిన జాకెట్టు దులిపి, మెడలోంచి టేపు తీసింది.

"ఇలారా, కొలత ఇచ్చేసి పో. పొద్దున్నే పదింటికి తయారుగా ఉండు, ఆస్పత్రికెళ్దాం. డాక్టరుగారు నన్ను అయిదేళ్ళుగా ఎరిగున్నోడు. నా మాట కాదనడు."