ముగ్గు చూపిన జాడ

హన్మకొండలో బట్టల దుకాణం నడిపే విశ్వనాథం కారు ఇంజను ఎప్పుడు చూసినా నూనెలో ముంచి తీసినట్టుండేది. నూనె కిందినుంచి కారుతోందని ఇద్దరు మెకానిక్కులు అడుగు ప్యాకింగును రెండుసార్లు మార్చారు. కారడం మాత్రం ఆగలేదు. 1979 ఎండాకాలంలో విసిగి వేసారి, బండిని గట్టయ్య షెడ్డుకు తెచ్చాడు. మెకానిక్ కాకముందు గట్టయ్య తండ్రితో కలిసి ఇళ్లమీద గూనపెంకులు సర్దిన మనిషి.

గట్టయ్య పానా ముట్టలేదు. కిరసనాయిలు గుడ్డతో ఇంజనంతా తుడిచి, ఆరనిచ్చి, షెడ్డు వెనకున్న ఇంట్లోని కొడుకును కేకేశాడు.

"మొగిలీ, జర ముగ్గు డబ్బ పట్కరా!"

విశ్వనాథం మండిపడ్డాడు. "పరాచకమా గట్టయ్యా? నా బండికి పెండ్లి జేస్తానవా?"

"ఫికర్ జెయ్యకుండ్రి సేటూ. వాన నీళ్లు ఇంట్ల ఒకతాన పడ్తయి, గూన ఇంకోతాన పల్గి ఉంటది. గిది గూడ గంతే."

ఇంజను మీద ముగ్గుపిండి పలచగా చల్లి, ఇద్దరూ కారులో హసన్‌పర్తి దాకా పోయి వచ్చారు. బానెట్ ఎత్తారు. తెల్లటి పిండి మీద సన్నటి నల్లగీత ఒకటి. అది ఇంజను నెత్తిమీది మూత అంచున పుట్టి, వంకర్లు తిరుగుతూ వెనకనుంచి అడుగుదాకా దిగింది. మూత కింది ప్యాకింగు అక్కడొక్కచోట చిటికెనవేలి గోరంత చిట్లింది.

నలభై ఏళ్లుగా వాకిట్లో ముగ్గును తొక్కకుండా దాటడమే తెలిసిన విశ్వనాథం, మొదటిసారి వంగి దాన్ని చదివాడు.