మల్లీశ్వరి వంతు

మా ఊరి పిల్లలకు బడి బట్టలు కుట్టేది నేనే. అందుకని ఏ పిల్ల ఎంత ఎదిగిందో తల్లుల కన్నా ముందు నాకే తెలుస్తుంది. సుమన సంగతి మరీను. ఆ పిల్ల తల్లి మల్లీశ్వరి దీపావళి వెళ్ళగానే గొర్రెల మంద వెంట పోతుంది, మృగశిర చినుకులు పడితే గానీ మళ్ళీ ఊరి మొహం చూడదు. పోయే ముందు నా మిషను దగ్గరికి వచ్చి, "అరుణక్కా, గౌను కింద జర ఎక్కువ మడత వెట్టి కుట్టు. నేనొచ్చేటాళ్ళకు పొడుగైతది," అనేది. తిరిగొచ్చాక ఆ గౌనునే తిరగేసి, మడత ఎంత విప్పానో వేళ్ళతో కొలిచి చూసుకునేది. కన్నబిడ్డ ఎదుగుదలను గుడ్డ మడతలో చూసుకోవాల్సిన బతుకు పగవాళ్ళకు కూడా వద్దనిపించేది నాకు.

మల్లీశ్వరి పుట్టిల్లు కోస్గి దిక్కు. పుట్టడం మాత్రం ఇంట్లో పుట్టలేదు, మంద వెంట పుట్టింది. ఏ ఊరి పొలమో వాళ్ళమ్మకు కూడా సరిగా గుర్తులేదు. నడక వచ్చేదాకా గాడిద మీది గంపలో గొర్రెపిల్లలతో కలిసి ఊరేగింది. నడక వచ్చాక మంద వెనక నడిచింది. ఇక బడి ఎక్కడిది? పెళ్ళయిన కొత్తలో ఒకసారి మిర్యాలగూడ పోవాల్సిన మనిషి బోర్డు చదవడం రాక నల్లగొండ బస్సెక్కిందట. ఆ కథ తనే చెప్పి పడీపడీ నవ్వేది. నవ్వడం అయిపోయాక, "నా బిడ్డ నా లెక్క గావద్దక్కా. అది చదువుకోవాలె," అనేది.

మరి బిడ్డను వదిలి పోవడం ఎందుకని ఊళ్ళో కొందరు మూతి విరిచేవాళ్ళు. ఆ మూతులకు గొర్రెల సంగతి తెలియదు. మా చేలు వానను నమ్ముకున్న చేలు. పత్తి చేతికొచ్చే నాటికి బీళ్ళలో గడ్డిపరక మిగలదు. సాగర్ కాలువ కింద వరి కోసిన మళ్ళే ఇక దిక్కు. పగలంతా మేపి, రాత్రికి ఎవరో ఒక రైతు పొలంలో ఎరువు కోసం మందను ఆపాలి. మల్లీశ్వరి మొగుడు నాగేందర్ మంచివాడే, మనుషుల కన్నా గొర్రెలతోనే ఎక్కువ మాట్లాడతాడు, అంతే. అయినా ఎంత మంచివాడైతే మాత్రం, ఒక్కడే మంద ముందూ వెనకా నడవలేడు కదా. దారిలో ఈనిన గొర్రెను, తడి ఆరని పిల్లను, పొయ్యి మీది కుండను చూసుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి మల్లీశ్వరి.

అట్లా సుమన నాయనమ్మ గుర్వమ్మ దగ్గర ఉండిపోయింది. దేవరకొండ బడి బస్సు మా ఊళ్ళోకి రాదు, దారి ఇరుకంటారు. పెద్ద రోడ్డు మలుపులో వాగునీళ్ళు పోయే మోరీ, అదే కల్వర్టు, ఉంది. పిల్లలంతా ఆ మోరీ గోడ మీద కూర్చొని బస్సు కోసం చూస్తారు. గుర్వమ్మ పొద్దున్నే మనవరాలిని ఆ గోడ మీద కూర్చోబెట్టి, పత్తి ఏరే ఆడవాళ్ళ ఆటో ఎక్కి పోయేది. ఆరేళ్ళ పిల్లను అట్లా వదిలేస్తావా అని ఎవరైనా అంటే గుర్వమ్మ దగ్గర జవాబు తయారుగా ఉండేది.

"ఒంటి గొర్రెను తోడేలు ఎత్కపోతది గని, మందల ఉన్నదానికి ఫికరేంది? గంతమంది పిల్లలున్నరు గద!"

గొర్రెల ఇంటి మనిషి మాట కదా అని ఊళ్ళో అందరూ తలలూపారు. మందకు ఎప్పుడూ ఒక కాపరి ఉంటాడన్న ముక్క మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ ఏడు పుష్యమాసంలో ఒక పొద్దున మంచు దట్టంగా పట్టింది. బస్సు ఆలస్యమైంది. కోస్గి దిక్కు నుంచి కాలువ కిందికి పోయే పెద్ద మంద ఒకటి ఆ దారినే వచ్చింది. పిల్లలు కేకలు వేస్తూ గొర్రెలను చూశారు. మంద దాటిపోతుంటే సుమన గోడ దిగి, బ్యాగు సర్దుకొని, దాని వెనక నడిచింది. పిల్లల్లో పెద్దది స్వర్ణ, ఐదో తరగతి. అది చూసింది కూడా. "వాళ్ళ బాపు మందనే అనుకున్న," అని తర్వాత ఏడ్చింది. పాపం దాని తప్పేముంది? గొర్రెల ఇంటి పిల్ల గొర్రెల వెనక పోతే వింత ఎవరికి?

బస్సు వచ్చింది. డ్రైవరు ఉన్నవాళ్ళను ఎక్కించుకున్నాడు. బళ్ళో టీచరు, జ్వరమేమో అనుకుంది. గుర్వమ్మ, పిల్ల బళ్ళో ఉందనుకొని పత్తి ఏరుకుంటోంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం!

ఇక ఆ మందలో జరిగింది మరీ విడ్డూరం. అది నాలుగిళ్ళవాళ్ళు కలిపి తోలుకుపోయే మంద. వెనక నడుస్తున్న పిల్లను ఈ ఇంటివాళ్ళు ఆ ఇంటి పిల్ల అనుకున్నారు, ఆ ఇంటివాళ్ళు ఈ ఇంటి పిల్ల అనుకున్నారు. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు. రోడ్డు మీద మోటారు సైకిళ్ళ వాళ్ళు, లారీల వాళ్ళు ఎంతమంది చూసి ఉంటారో. ఒక్కరూ ఆగలేదు. ఎవరి కంటికీ ఆ పిల్ల తప్పిపోయినట్టు కనపడలేదు మరి.

మధ్యాహ్నం సద్ది మూటలు విప్పితే గానీ బయటపడలేదు. ఏ తల్లి పిల్లలను ఆ తల్లి పిలుచుకుంది. సుమనను ఎవరూ పిలవలేదు. అప్పుడు ఆ మంద పెద్ద మైసయ్య పిల్ల ముందు గొంతుక్కూర్చొని అడిగాడు, "ఎవలి బిడ్డవే నువ్వు?" అని. పిల్ల తండ్రి పేరు చెప్పింది. దేశమంతా తిరిగే మందలవాళ్ళకు ఒకరి ఫోను నంబరు ఇంకొకరి దగ్గర ఉంటుంది. మైసయ్య నాగేందర్‌కు ఫోను చేశాడు.

ఆ సమయానికి మల్లీశ్వరి, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు తల్లి పొదుగు అందిస్తోందట. నాగేందర్ ఫోనులో, "నా బిడ్డ బళ్ళె ఉన్నదే మైసన్నా, నువ్వెవలి బిడ్డను చూసినవో," అంటున్నాడు. మైసయ్య ఏమీ వాదించకుండా ఫోను పిల్ల చేతికిచ్చాడు. మల్లీశ్వరి మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అమ్మా, యాడున్నవే? నేనొస్తున్న. ఇంకెంత దూరముంది?" అంది పిల్ల.

మల్లీశ్వరి గుర్వమ్మకు ఫోను కలిపింది. "అత్తా, పిల్లేది?" అని అడిగింది.

"బడికి వాయె. నేనే మోరీ మీద కూసుండవెట్టొచ్చిన."

"అత్తా, పిల్ల బళ్ళె లేదు. కోస్గోళ్ళ మందల ఉన్నది."

గుర్వమ్మ పత్తి మూట అక్కడే పడేసి ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చింది. మా ఆయన పరశురాములు ఆటో తీశాడు, నేనూ ఎక్కాను. దారి పొడుగునా గుర్వమ్మ ఆటో కమ్మీ పట్టుకొని ముందుకే చూస్తూ కూర్చుంది. అక్కడ సుమన కడుపు నిండా తిని, ఒళ్ళో ఒక గొర్రెపిల్లను పెట్టుకొని మహారాణిలా ఉంది. మైసయ్య మాత్రం మమ్మల్ని నమ్మలేదు. మల్లీశ్వరి ఫోనులో మా గొంతులు విని, వీళ్ళు మావాళ్ళే అని చెప్పాకే పిల్ల చెయ్యి వదిలాడు. మంచి పని చేశాడు. ఆ రోజంతటిలో పిల్లను పిల్లలా కాపాడింది అతనొక్కడే.

మర్నాడు మల్లీశ్వరి వచ్చింది. వాకిట్లో అడుగు పెడుతూనే పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ వెంటనే దాన్ని గుండెకు హత్తుకొని, ఊరంతా వినేటట్టు ఏడ్చింది. ఏడుపు తగ్గాక అడిగింది.

"మన మంద నీకు తెల్వదానే? మన జీవాలకు ఈపు మీద నీలం రంగుంటది. వాళ్ళయి ఎర్రమన్ను పూసినయి. గది గుడ చూసుకోలేదా?"

"చూసిన. మనయి గావని తెలుసు," అంది సుమన.

"మరెందుకు పోయినవే?"

"మందలన్నీ నువ్వున్న కాడికే పోతయి గద."

గుర్వమ్మ గోడ దిక్కు తిరిగింది. నాకైతే అక్కడ నిలబడబుద్ధి కాలేదు, ఇంటికొచ్చి ఊరికే మిషను తొక్కాను.

ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసు మెట్ల మీద ఊరు కూడింది. రామచంద్రం మామ మొదలుపెట్టాడు. "మేము చిన్నప్పుడు కోసెడు దూరం ఒక్కళ్ళమే నడిచి బడికి పోలేదా? మాకేమైంది?"

నాకు నోరాగలేదు. "అప్పుడు రోడ్డు మీద ఎడ్లబండ్లు పోతుండె మామా. ఇప్పుడు లారీలు పోతున్నయి. ఎద్దన్న పిల్లను చూసి ఆగుతది," అన్నాను.

బస్సు ఊళ్ళోకి రాదని బడివాళ్ళు ఫోనులోనే తేల్చేశారు. తల్లులేమో పొద్దున్నే కూలికి పోవాలి. చివరికి ముసలి బిక్షమ్మ లేచి ఒక పాత సంగతి గుర్తుచేసింది. వెనకటికి పెద్ద గొర్రెలు మేతకు పోతే, ఊరి గొర్రెపిల్లలన్నిటినీ ఒక దొడ్లో ఉంచి, రోజుకొక ఇంటివాళ్ళు కాసేవాళ్ళు. గొర్రెలున్న ఇల్లా లేని ఇల్లా అన్న తేడా లేదు, ఊరందరికీ వంతు ఉండేది.

"గొర్రెపిల్లలకు వంతు వెట్టుకున్నోళ్ళం, మనిషి పిల్లలకు వెట్టుకోలేమా?" అంది బిక్షమ్మ. రామచంద్రం మామ కూడా తలూపాడు. రోజుకొక ఇంటి మనిషి, ఆఖరి పిల్ల బస్సెక్కేదాకా మోరీ దగ్గర నిలబడాలి. కూలికి ఓ గంట ఆలస్యమైతే అయింది. పిల్లలున్నా లేకున్నా ఊళ్ళో ప్రతి ఇంటికీ వంతు పడాలని తీర్మానం.

"మా ఇంటి వంతు నేను చూస్త," అంది గుర్వమ్మ.

"కాదు. మా ఇంటి వంతు నాది," అంది మల్లీశ్వరి.

మగవాళ్ళు నవ్వారు. కాలువ కింద ఉండే మనిషి మోరీ కాడికెట్లా వస్తుందని ఒకడు వేళాకోళం చేశాడు. మల్లీశ్వరి వాడి వైపు చూడలేదు. "వస్త," అంది, అంతే.

అంత గట్టిగా అన్నా, ఇంటికి పోయాక ఆమె మనసు వంతుల మీద నిలవలేదు. బిడ్డను తనతోనే తీసుకుపోదామని బట్టలు మూట కట్టింది. "బడి లేకపోతే లేకపాయె అక్కా, నా కండ్ల ముందుంటది," అంది నాతో. తెల్లవారి ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చారు, సాగనంపడానికి నేనూ పోయాను. సుమనకు రెక్కలొచ్చినట్టుంది, అమ్మతో పోతున్నానని కనబడ్డవాళ్ళకల్లా చెబుతోంది. రోడ్డు మీద ఒక బస్సు వస్తుంటే, ఎవరూ అడగకముందే దాని బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివింది. మల్లీశ్వరి కాసేపు పిల్ల మొహం చూసి, పిల్ల బట్టల మూట నా చేతిలో పెట్టింది. పిల్ల ఎంత గుంజుకున్నా వినలేదు. తనొక్కతే బస్సెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే దిగిపోతుందని నాకు తెలుసు, అందుకే చూడలేదు.

వంతులు నడిచాయి. మొదట్లో కొందరు సణిగారు గానీ, రామచంద్రం మామ తన వంతు నాడు కర్ర పట్టుకొని లారీలను ఆపే ఉత్సాహం చూసి అందరికీ సరదా పుట్టింది. సుమన మాత్రం రోజూ ఒకటే అడిగేది, అమ్మ వంతు వచ్చిందా అని. శివరాత్రి దాటాక వచ్చింది.

ముందు రోజు సాయంత్రం బస్సుకే మల్లీశ్వరి దిగింది. తెల్లవారి అందరికన్నా ముందు మోరీ దగ్గరుంది. నా వంతు కాకపోయినా నేనూ పోయాను, నా కాళ్ళు ఇంట్లో ఆగలేదు. మల్లీశ్వరి పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టింది. గొర్రె జున్ను డబ్బాలో తెచ్చి పిల్లలందరికీ తలా ముక్క పెట్టింది. నాయనమ్మ నున్నగా వేసి పంపిన సుమన జడలు విప్పి, మళ్ళీ మొదటినుంచి అల్లింది. ఒక జడ అయ్యాక నచ్చలేదని మళ్ళీ విప్పింది. సుమన తల అప్పగించి కూర్చుంది.

ఆ రోజు కూడా బస్సు ఆలస్యమైంది. స్వర్ణ విసుక్కుంటోంది, డ్రైవరును నేను తిట్టుకుంటున్నాను. మల్లీశ్వరి ఒక్కతే రోడ్డు దిక్కు చూడడం లేదు.

"పంచరయిందేమో అక్కా," అంది. బస్సు పంచరైతే అంత వెలుగు మొహంలోకి వచ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"కావచ్చు," అన్నాను. ఆ ఒక్క రోజుకు బస్సు నాలుగు చక్రాలూ పంచరు కావాలని నేనూ మొక్కుకున్నాను.

కానీ బస్సు వచ్చింది. మల్లీశ్వరి లేచి పిల్లలను రోడ్డుకు దూరంగా నిలబెట్టింది, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి ఎక్కించింది. తన బిడ్డను అందరికన్నా ఆఖరున ఎక్కించింది. సుమన మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"అమ్మా, మళ్ళ నీ వంతు ఎన్నడొస్తది?"

మల్లీశ్వరి నా మొహం చూసింది. "ఊరంతా తిరిగొచ్చినంక బిడ్డా," అన్నాను నేనే. డ్రైవరు హారన్ కొట్టాడు, తలుపు మూసుకుంది.

బస్సు మలుపు తిరిగిపోయాక కూడా ఆమె అట్లాగే నిలబడి ఉంది. తను ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగితే, చెయ్యి ఊపి పొమ్మంది. తర్వాత మెల్లగా వచ్చి, పిల్లలు కూర్చునే గోడ మీద నా పక్కన కూర్చుంది.

"ఊర్లె ఇన్ని ఇండ్లు ఎందుకున్నయక్కా?" అంది.

ఇంకో బస్సు వచ్చేదాకా ఇద్దరం ఆ గోడ మీదే కూర్చున్నాం.