స్లో నిలబడేదాకా

పొద్దున మా వీధిలో ఎవరో కారు స్టార్ట్ చేశారు. గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఇంజన్ ఒక్క క్షణం తడబడింది. అతను వెంటనే యాక్సిలరేటర్ తొక్కేశాడు. అది మళ్లీ తడబడింది, అతను మళ్లీ తొక్కాడు. సరిగా కాలని పెట్రోలు వాసన కిటికీలోంచి నా కాఫీ గ్లాసు దాకా వచ్చింది. నాకు ఒళ్లు మండింది. 'కాసేపు దాన్ని వదిలెయ్యవయ్యా' అని అరుద్దామని లేచేసరికి కారు వీధి మలుపు తిరిగిపోయింది. నిజానికి ఆ మాట నాది కాదు, మస్తాన్ వలిది. అతను పోయి చాలా ఏళ్లయింది. మా చిలకలూరిపేట చుట్టుపక్కల మెకానిక్ షెడ్లలో ఇప్పుడు పనిచేసేవాళ్లను అడిగితే, ఆ పేరు విన్నవాడు ఒక్కడూ లేడు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం అటూ ఇటూగా మా ప్రాంతపు కార్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కు పంపే కార్బొరేటర్ పోయింది. దాని చోట సెన్సార్లూ, వాటి మాట విని పెట్రోలు కొలిచి పంపే ఒక అల్యూమినియం పెట్టే వచ్చాయి. ఆ పెట్టెతో మాట్లాడే యంత్రం కంపెనీ షోరూముల్లో తప్ప దొరికేది కాదు. ఇంజన్లతోనే పుట్టి పెరిగిన మా చేతుల్లో రెంచీలు మిగిల్చి, తాళంచెవి వాళ్లు పట్టుకుపోయారు. దాని గురించి ఇప్పుడు తలుచుకున్నా నాకు మండుతుంది. ఆ రోజుల్లో గుంటూరు నుంచి ఒక తెల్ల వ్యానులో మస్తాన్ వలి షెడ్డు షెడ్డుకూ తిరిగేవాడు. వెనక సీట్లు పీకేసి బల్ల బిగించి, దానిమీద ఒక లాప్‌టాపు, ఒక స్కానరు, రకరకాల మూతులున్న వైర్లు పెట్టుకున్నాడు. డిప్లొమా చదివినవాడు. ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన. కూర్చోమని టైరు చూపిస్తే, "ప్యాంటు మాసిపోద్ది బాబాయ్" అని నిలబడే టీ తాగేవాడు. నన్ను బాబాయ్ అనమని అతనికెవరు చెప్పారో తెలియదు, మొదటి రోజే అనేశాడు. లాప్‌టాపు దగ్గరికి ఎవరైనా వస్తే కసిరేవాడు. "మిర్చి యార్డు నుంచి వచ్చిన చేతులతో ముట్టుకోమాకండి. ఇది తుమ్మడం మొదలెడితే నా దగ్గర మందు లేదు."

నేను బడికి వెళ్లింది మూడో తరగతి దాకా. అక్షరం వంకర పోతే పంతులు పలక లాక్కుని తానే దిద్దేవాడు. షెడ్లో చేరాక మేస్త్రీ కూడా అంతే. నట్టు బిగిస్తుంటే చెయ్యి కాస్త ఆగిందంటే స్పానరు లాక్కుని, దాంతోనే మోచేతి మీద ఒకటి వేసేవాడు. అందుకని నాకొచ్చిన విద్యంతా ఎవరూ చూడనప్పుడు నేర్చుకున్నదే. పాత ఇంజన్లు విప్పి చూసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మాన్యువల్ కూడబలుక్కుని చదివాను. అలా చదువుకున్నవాడికి ఇంకొకరు వచ్చి చెబితే కడుపు మండుతుంది. మస్తాను చెప్పేవాడు. నా షెడ్లోనే, నా మనుషుల ముందే.

ఒక ఏడు మిరపకోతలు జోరుగా సాగుతున్నాయి. అంకమ్మరావు అనే డ్రైవరు తన పెట్రోలు వ్యానులో కూలీ ఆడవాళ్లను చేలకు దించి, పొద్దుగూకే వేళకు తిరిగి తెచ్చేవాడు. ఆ వ్యాను, పెడల్ మీంచి కాలు తీస్తే ఆగిపోవడం మొదలెట్టింది. ఒకరోజు హైవే దాటుతుండగా నడిమధ్యలో ఆగింది. అవతలి నుంచి గ్రానైటు రాళ్లతో లారీ వస్తోంది. ఆడవాళ్లు దూకి, వ్యానును తోసుకుని బయటపడ్డారు. మర్నాడు వాళ్ల ముఠాను నడిపే రత్తమ్మ నేరుగా మా షెడ్డుకే వచ్చింది.

"ఇదిగో సుబ్బయ్య గారూ, బాగుచేస్తే సరిగ్గా చెయ్యండి. ఇంకోసారి రోడ్డు మీద ఆగిందంటే మేం వేరే బండి చూసుకుంటాం. మా పిల్లలకి మేం కావాలి" అంది.

అంకమ్మరావు తల వంచుకుని వింటున్నాడు. ముఠా పోతే అతనికి ఆ వ్యాను తప్ప ఇంకేమీ మిగలదు.

కాలు తీసినా ఇంజన్ తనంతట తాను తిరిగే వేగాన్ని మేం 'స్లో' అంటాం. స్లో నిలబడకపోతే స్క్రూ తిప్పి పెంచడం కార్బొరేటర్ల కాలం నుంచీ మాకు తెలిసిన వైద్యం. ఈ వ్యానులో ఆ స్క్రూకు కంపెనీవాళ్లు రంగుతో సీలు వేశారు. నా దగ్గరికి వచ్చేసరికే ఇద్దరు ముగ్గురు ఆ సీలు పగలగొట్టి తిప్పారు. నేనూ తిప్పాను. ఒక పూట బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. చేసేది లేక మస్తాన్‌కు కబురంపాను.

అతను వైరు తగిలించి తెర చూసి నవ్వాడు. "ఏం బాబాయ్, పేటలో మెకానిక్కులంతా తలో తిప్పూ తిప్పారా? కాలు పూర్తిగా తీశారని సెన్సారు చెబితేనే కంప్యూటరు స్లో సంగతి చూసుకుంటది. మీరేమో స్క్రూ తిప్పి, గాలి పోయే మూతను తెరిచిపెట్టారు. అదింకా డ్రైవరు కాలు పెడల్ మీదే ఉందనుకుంటోంది. పాపం, దానికి సున్నా ఎక్కడుందో తెలీకుండా చేశారు."

"నువ్వు పుట్టకముందు నుంచి ఇంజన్లు విప్పుతున్నాన్రా" అన్నాను.

"ఇంజన్‌కి మీరు పెద్దదిక్కే. ఈ పెట్టె నిన్నగాక మొన్న పుట్టింది. దీనికి మీరు బాబాయ్ కాదు" అన్నాడు.

స్క్రూ వెనక్కి తిప్పించి, తెర మీద అంకె చూస్తూ సెన్సారును సున్నా దగ్గర బిగించాడు. కంప్యూటరు అంతకుముందు నేర్చుకున్నదంతా చెరిపేశాడు. "ఇప్పుడు స్టార్ట్ చేసి వదిలెయ్యాలి. స్లో తనే నేర్చుకుంటది. పెడల్ ఎవరూ ముట్టుకోకూడదు."

చెప్పినంత తేలిక కాదది. ఇంజన్ తడబడితే తొక్కి రేజింగ్ ఇవ్వని కాలు మా గుంటూరు జిల్లాలోనే లేదు. ఇంజన్ పడబోయింది, అంకమ్మరావు తొక్కేశాడు. మస్తాను ఆపేసి మొదటి నుంచి మొదలెట్టాడు. మళ్లీ తొక్కాడు. "నేను కాదన్నా, కాలే వెళ్లింది" అన్నాడు అంకమ్మరావు. మస్తాను అతన్ని కిందికి దింపేశాడు. ఈసారి ఇంజన్ వణుకుతూ, మునిగిపోతున్నట్టు కిందికి జారింది. నా చెయ్యి నాకు తెలియకుండానే బానెట్ కింద యాక్సిలరేటర్ కేబుల్ మీదికి వెళ్లింది. మస్తాను నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ ఇస్త్రీ చొక్కా చేతికి నా గ్రీజు అంటుకుంది.

"పడనివ్వండి బాబాయ్."

"ఆగిపోద్దిరా."

"ఆగితే మళ్లీ స్టార్ట్ చేద్దాం. మీరు పట్టుకుంటే అది మీ చేతిని నేర్చుకుంటది, స్లోని కాదు."

రత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని మమ్మల్ని చూస్తోంది. "ఏంటయ్యా, కాన్పు గది ముందు మొగుళ్లలాగా నిలబడ్డారు?" అంది. ఇంజన్ పడింది, లేచింది. ఇంకోసారి పడింది కానీ అంత లోతుకు పోలేదు. మెల్లమెల్లగా ఆ ఊగుడు తగ్గి, నిద్రపోయేవాడి ఊపిరిలా ఒకే తీరున తిరగసాగింది. బరువు పడితే తట్టుకుంటుందో లేదో చూడ్డానికి మస్తాను హెడ్‌లైట్లు వేశాడు. ఇంజన్ కొంచెం కుంగి, దానంతట అదే సర్దుకుంది.

"ఆగదుగా?" అని రత్తమ్మ నన్నడిగింది. నాదీ పూచీ అనబోయాను. మస్తాను అడ్డుపడ్డాడు. "మాటెందుకు పిన్నీ, ముందు మేం దాటొస్తాం." ముగ్గురం వ్యానెక్కి అదే హైవే దగ్గరికి వెళ్లాం. రోడ్డు మధ్యకు చేరాక అంకమ్మరావు కాలు తీశాడు. ఇంజన్ వేగం పడిపోయింది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అది నిలబడింది. మర్నాడు రత్తమ్మ తానే ముందు ఎక్కి కూర్చుని, మిగతావాళ్లను పిలిచింది.

ఆ తర్వాత అతను మా షెడ్డుకు వచ్చినప్పుడల్లా లాప్‌టాపు నా ముందుకు తోసేవాడు. యాభై దాటిన మనిషిని, కళ్లజోడు సర్దుకుంటూ ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కునేవాణ్ణి. అతను చిటికెలో చేసే పనికి నాకు పూట పట్టేది. ఒక్కసారి కూడా చెయ్యి చాచలేదు. టీ గ్లాసు పట్టుకుని బయటికెళ్లి, నాకు వీపు పెట్టి నిలబడేవాడు. నేను తప్పు చేస్తుంటే ఓపిక పట్టిన మొదటి మనిషి అతనే. తర్వాత ప్రతి షెడ్డూ సొంతంగా స్కానరు కొనుక్కుంది, తెల్ల వ్యాను అవసరం తీరింది. గుండెపోటుతో పోయాడని నాకు ఎప్పటికో తెలిసింది. ఇప్పటివాళ్లు డ్రైవరు ముందు వెలిగే హెచ్చరిక లైటును స్కానరుతో ఆర్పేసి బండిని పంపేస్తారు. అది నేర్చుకునే దాకా నిలబడే తీరిక ఎవడికీ లేదు.

నిరుడు మా ఆవిడకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఈమధ్యే ఒక్కో అక్షరం తిరిగొస్తోంది. ఆమె మాట వెతుక్కుంటుంటే ఇంట్లో అందరూ ప్రేమగా అందిస్తారు. నేను కోప్పడతాను. ముసలాడికి చాదస్తం ముదిరిందనుకుంటారు, అనుకోనీ. మొన్న సాయంత్రం ఆమె నావైపు చూసి "ని..." అంది. "నీళ్లా అత్తయ్యా?" అంటూ కోడలు గ్లాసు తెచ్చింది. వద్దని సైగ చేసి, మంచం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాను. "ని... ని..." పెదవి వణికింది, ఆగింది. నిద్ర, నిమ్మరసం, నీరసం, నా నోట్లో అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. మింగేశాను. చాలాసేపటికి మాట వచ్చింది.

"నిలబడే ఉన్నారేం" అంది. "కూర్చోండి."

కూర్చున్నాను.