ఆఖరి బిగింపు

ఆ ఇంట్లో కారు మామగారిది, దాని రోగాలు అల్లుడివి. అతను కుట్టు దుకాణంలో కటింగ్ మాస్టారు. పెళ్ళైన కొత్తలో సరదాపడి ఒకసారి ప్లగ్గు మార్చాడు. అంతే, ఆ సరదా మెడకు చుట్టుకుంది. ఆదివారాలన్నీ బండి కిందే. బాగయ్యాక చుట్టాలను తిప్పేదీ అతనే.

వేరే ఊళ్ళో పెద్ద కంపెనీవాళ్ళు అతన్ని హెడ్ కట్టరుగా రమ్మన్నారు. ఈ సాయంత్రం ఫోను చేస్తామన్నారు, ఏ సంగతీ అప్పుడు తేల్చి చెప్పాలి. మామగారి చెవిన వేస్తే, "నువ్వెళ్తే బండెవరు చూస్తారు?" అని పేపరు తిరగేశారు. భార్యనడిగితే, "ఆ బండి మూలపడితే నాన్నే పొమ్మంటారు. అందాకా నన్ను మధ్యకి లాగకండి" అంది.

మూలపడే రోజు ఎంతో దూరంలో లేదనిపించింది. గతుకు తగిలితే చాలు, ముందు చక్రాల దగ్గర టకటక. చక్రాలను పట్టి ఉంచే ఇనుప చేతుల్లో బుష్‌లు, అంటే గుండ్రటి రబ్బరు తొడుగులు, అరిగిపోయాయి. మామగారు మాత్రం కొత్తవి తెప్పించి, బండి పక్కన స్టూలేసుకుని టార్చి పట్టుకు కూర్చున్నారు.

"టార్చి ఇటు, మామయ్యా. నా కళ్ళల్లోకి కాదు."

"నీ కళ్ళు బాగానే ఉన్నాయిలే. కానీ."

ఆ ఇనుప చేతులను ఊడదీసి, వైజు దవడల మధ్య బిగించి, సాకెట్టు ఆనించి పాత బుష్‌లను బయటికి నెట్టాడు. కొత్తవాటికి సబ్బునీళ్ళు రాసి ఎక్కించాడు. ఇనుప చేతులను మళ్ళీ బండికి తగిలించి, బోల్టులు దూర్చాడు. ఇక మిగిలింది ఆఖరి బిగింపు.

ఆ బిగింపు బండి బరువంతా చక్రాల మీద పడ్డాకే చెయ్యాలి. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడుతుంది. అలా మెలిపడి నలిగి, నాలుగు నెలలు తిరక్కుండానే చీలిపోతుంది. పాత మెకానిక్కు ఒకాయన చెప్పిన మాట అది. మామగారికి తెలియదు.

అతను స్పానరు పట్టుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బండి ఇంకా జాకీ మీదే ఉంది.

"ఏమైంది, నిద్రపోయావా?"

"లేదు మామయ్యా. అయిపోవచ్చింది."

బిగించేశాడు. రెండు వైపులా, గాలిలోనే. తప్పుడు కుట్టు వేసి ఇస్త్రీతో కప్పేసినట్టు చెవులు వేడెక్కాయి. అయినా ఆగలేదు.

బండి దింపి వీధి చివరి దాకా వెళ్ళొచ్చారు. గతుకుల్లో చప్పుడన్నది లేదు. మామగారి మొహం వెలిగిపోయింది. "వచ్చే వారం మీ పిన్నత్తగారి ఊరు, ఆ పై వారం మా చిన్నబ్బాయి సామాన్లు చేరవెయ్యడం" అంటూ ప్రయాణాలు వరసపెట్టారు.

"రబ్బరు కదా, మామయ్యా. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం" అన్నాడతను. ఇక బండి మూలపడేద్దామని మామగారే అంటారేమోనని ఇంతా చేశాడు.

"ఆ సంగతి నాకు తెలీదా?" మామగారు డిక్కీ తెరిచారు. గోనెసంచీ నిండా బుష్‌లు. "ఇవి అమ్మే కొట్టు మూసేస్తున్నారట. ఉన్నవన్నీ పట్టుకొచ్చేశాను. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు వేద్దువుగాని. చెయ్యి తిరిగిందిగా."

అల్లుడు సంచీ కేసి చూశాడు. బండి మూలపడదు. మధ్యమధ్య తనే పడతాడు, దాని కిందికి.

కాసేపటికి రెండు చెక్కదిమ్మలు తెచ్చి, ముందు చక్రాలను వాటి మీదికి ఎక్కించాడు, ఈసారి బరువంతా చక్రాల మీదే. గోనెపట్టా పరిచి కిందికి జారాడు. బోల్టులు వదులు చేస్తే రబ్బరు మెలిక వీడి చిన్నగా కిర్రుమంది.

"మళ్ళీ ఎందుకయ్యా? బాగానే ఉందిగా."

"బిగింపు సరిగ్గా పడలేదు, మామయ్యా."

"చూశావా" అన్నారు మామగారు, మెట్ల మీదికొచ్చిన కూతురితో. "ఇంత శ్రద్ధ ఇంకెవడికుంటుంది?"

ఆమె బండి కింది భర్త కాళ్ళ వైపు వంగింది. లోపల బల్ల మీద ఫోను మోగుతోందని చెప్పింది. బండి కింద నుంచి స్పానరు తిరుగుతున్న చప్పుడే వినిపించింది.