చనిపోయినవాళ్లకు స్నానం చేయించే సోదరి

మా సంఘంలో దేవుడు అందరికీ తలా ఒక వరం ఇచ్చాడు. కొందరికి పాట, కొందరికి వాక్యం చెప్పడం, కార్యదర్శిగారికి ఎవరేం చేసినా అందులో తప్పు కనిపించడం. నాకు మాత్రం చనిపోయిన ఆడవాళ్లకు స్నానం చేయించి చీర కట్టే వరం దక్కింది. నేనడగలేదు.

డెబ్బైల మొదట్లో పెళ్లి చేసుకుని మల్కాపురం వచ్చాను. మా ఆయన పోర్టులో క్రేన్ నడిపేవాడు. వచ్చిన ఏడాదికే మా వీధిలో ఒక బాలింత చనిపోయింది. చుట్టుపక్కల ఆడవాళ్లంతా గుమ్మం బయట బాగానే ఏడుస్తున్నారు గానీ లోపలికి వెళ్లడానికి ఒక్కరికీ కాళ్లు రాలేదు. ఒకామెకి నడుం నొప్పి, ఒకామెకి చంటిబిడ్డ, ఇంకొకామెకి శవాన్ని చూస్తే కళ్లు తిరుగుతాయట. నేను కొత్త కోడల్ని. ఏ సాకు చెప్పాలో ఇంకా నేర్చుకోలేదు. వెళ్లాను. జుట్టు దువ్వుతుంటే చిక్కు అడ్డం వచ్చింది. నొప్పి పుడుతుందేమోనని మెల్లగా విడదీశాను. చనిపోయిన మనిషికి నొప్పేమిటన్న సంగతి ఇంటికొచ్చాక తట్టి, పెరట్లో కూర్చుని ఏడ్చాను.

ఆ ఆదివారం పాస్టరుగారు ఆరాధనలో నా సేవను మెచ్చుకున్నారు. నా పని అప్పటితో ఖాయమైపోయింది. ఆపై ఎవరింట్లో ఆడమనిషి పోయినా మా తలుపే కొట్టేవారు. మెచ్చుకున్న నోళ్లతోనే పెళ్లిళ్లకి పిలవడం మానేశారు. ఎప్పుడైనా పిలిచినా, పెళ్లికూతురికి వీలైనంత దూరంగా ఉన్న కుర్చీ చూపించి, అక్కడ గాలి బాగా వస్తుందనేవారు. అక్కడ కిటికీ కూడా ఉండేది కాదు. మా ఆయన కంచం ముందు కూర్చుని, "బతికున్నోలకి కూడా ఏటైనా సేత్తావా, నేకపోతే సచ్చీదాకా ఆగాలా?" అనేవాడు. అనేసి, రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు.

అయినా స్త్రీల సమాజం తరఫున జబ్బు పడ్డవాళ్లను చూడటానికి నన్నూ పంపేవారు. ఒకసారి కార్యదర్శిగారి తల్లి మంచం పట్టింది. చాలా రోజులుగా లేవలేదని విని, ఎవరూ పంపకముందే పూర్ణా మార్కెట్‌లో బత్తాయిలు కొని పట్టుకెళ్లాను. ముసలమ్మ నన్ను గుమ్మంలో చూసింది. కళ్లు పెద్దవి చేసింది.

"నిన్నెవులు పంపేరే?" అంది.

"ఎవరూ పంపలేదు మామ్మగారూ, చూసి పోదామని వచ్చాను."

"నాను సావనేదు. ఇంకా సానా టైముంది. ఎల్లిపో."

బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. నాకు తన ఒళ్లు అప్పగించడం ఇష్టం లేకో ఏమో, మరునాడే లేచి కూర్చుందట. మరో రెండు వారాలకి కర్ర పట్టుకుని చర్చికి నడిచొచ్చింది. సంఘం చేసిన ప్రార్థన ఫలించిందని కొడుకు సాక్ష్యం చెప్పాడు. నన్ను చూసి లేచిందన్న మాట మాత్రం ఆ సాక్ష్యంలో లేదు. ఆరాధన అయ్యాక ముసలమ్మే నా దగ్గరకొచ్చి, "పళ్లు పుల్లగున్నాయి," అంది. అప్పట్నుంచి మేమిద్దరం స్నేహితులమయ్యాం.

ఎనభైల్లో ఒక వానాకాలం, ఫిషింగ్ హార్బర్ నుంచి మా వీధికి రోజూ చేపల గంప తెచ్చే మనిషి చనిపోయింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒక్కరోజులో పోయింది. ఆమెతో కలిసి అమ్మకానికొచ్చే ఇంకొకామె పరిగెత్తుకొచ్చి నాతో చెప్పింది. మొగుడు బోటు మీద వేటకెళ్లాడు, కబురందదు, రోగానికి భయపడి ఇరుగుపొరుగు దగ్గరికి రావడం లేదు.

బయల్దేరుతుంటే ముసలమ్మ ఎదురొచ్చింది. ఎక్కడికని అడిగి, నేను పిలిచిన రిక్షాలో ముందుగా ఎక్కి కూర్చుంది.

ఆ ఇంట్లో ఆమె కర్ర ఆనించుకుని కూర్చుని నీళ్లు అందించింది. నేను స్నానం చేయించాను. పెట్టెలో మడత విప్పని ఆకుపచ్చ చీర కనిపిస్తే అదే కట్టాను. అక్కడితో లేవబోతుంటే ముసలమ్మ పసుపూ కుంకుమా తెమ్మంది. నేను ముసలమ్మ ముఖం చూశాను. "దాని మొగుడు బతికే ఉన్నాడు కదా. పెట్టు," అంది. పెట్టాను.

ఈ సంగతి నాకన్నా ముందే మల్కాపురం చేరింది. కార్యదర్శిగారు కమిటీని కూర్చోబెట్టి నన్ను పిలిపించారు. మన సంఘస్తురాలు కాని మనిషికి ఈ సేవ ఏమిటని ఒకరు, అంటురోగం కదా అని ఒకరు అడిగారు. కార్యదర్శిగారు గొంతు సవరించుకున్నారు. "సోదరీ, మీరు స్వయంగా బొట్టు పెట్టారని విన్నాం. ఇది విశ్వాసుల లక్షణమేనా?"

నేను నోరు తెరిచేలోపు వెనక బల్ల మీంచి కర్ర చప్పుడు వినిపించింది.

"బొట్టు నాను పెట్టించేనురా. ఏటి, దాన్ని బోడి నుదురుతో పంపమంటావా? నీ పెళ్లానికైతే అలాగే పంపుతావా?"

ఆ పోలికలో ఆయన భార్యది క్రైస్తవ నుదురన్న సంగతి ముసలమ్మకి తట్టలేదు, ఆయన కూడా గుర్తుచేయలేదు. విషయాన్ని ప్రార్థనాపూర్వకంగా ఆలోచిద్దామని కమిటీ తీర్మానించింది. అంటే వదిలేశారని.

కొన్నాళ్లకి ఆ చేపలామె మొగుడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో కాగితంలో చుట్టిన వంజరం. లోపలికి రమ్మంటే రాలేదు. చేప అరుగు మీద పెట్టి నిలబడ్డాడు.

"ఏ సీర కట్టేరమ్మా దానికి?"

"పెట్టెలో ఆకుపచ్చది. కొత్తది."

తలూపాడు. "కట్టుకోయే అంటే దాసుకునీది. మంచి సీర, మాసిపోద్ది అనీది."

అంతకుముందు ఎన్ని ఇళ్లలో ఎన్ని వాక్యాలు చెప్పానో, ఒక్కటీ నోటికి రాలేదు. "ఆమెకి బాగుంది, నాయనా," అన్నాను. కళ్లు తుడుచుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆ చేపని పులుసు పెట్టాను. ముసలమ్మకి ఒక గిన్నె పంపితే ఉప్పు తక్కువైందని కబురొచ్చింది. మా ఆయన ముల్లు తీసుకుంటూ తింటున్నాడు. ఆ పూట బతికున్నవాళ్ల సంగతి ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని, "ఆడు ఒక్కడే ఉంటున్నాడా?" అని అడిగాడు. అవునన్నాను. మరుసటి ఆదివారం నేను చర్చికి తయారవుతుంటే, ఆయన చొక్కా తొడుక్కుని హార్బరుకి బయల్దేరాడు.