గుర్వయ్యకు నాలుగోసారి తేనె పాఠం

అచ్చంపేట దాటి అడవంచుకు పోతే ఒక చెంచుపెంట, అంటే చెంచుల చిన్న గూడెం, ఉంది. అక్కడి గుర్వయ్య పదోతరగతి పాసై, కరెంటు పని నేర్చుకోవాలనుకున్నాడు. పెంటలో దీపం ఆరితే బాగుచేసే మనిషి రావడానికి పదిరోజులు పడుతుంది మరి. శిక్షణ కేంద్రంలో మూడుసార్లు కరెంటు కోర్సుకే దరఖాస్తు పెట్టాడు. మూడుసార్లూ తేనె తీసే కోర్సులో వేశారు. తాతల నాటి నుంచి కొండచరియల మీద తేనె తీసిన ఇంటి బిడ్డకు, ఆ పని వచ్చునని మూడు సర్టిఫికెట్లు!

నేను తిరిగిన చోట్లలో ఇది వింతేమీ కాదు. గొర్రెలు కాసే కురుమల పిల్లలకు గొర్రెను బొమ్మ గీసి చూపించిన కేంద్రాన్నీ చూశాను. కరెంటు బోర్డు ముందు కూర్చున్న చెంచును మాత్రం ఎక్కడా చూడలేదు.

సరే, గుర్వయ్య సంగతి. ఈ ఏడాదితో అతనికి కోర్సు వయసు దాటిపోతుంది. అప్పుడు పిలిపించాడు కేంద్రంలో తేనె పాఠం చెప్పే దామోదర్ సారు. ఈయన తేనె తీయడం తెర మీద బొమ్మల్లో చూసి నేర్చుకుని, తెర మీదే నేర్పుతాడు.

"పెద్దసార్లొస్తున్నరు. తాడు కట్టుకొని గట్టు దిగి తేనె తీసి చూపియ్యి, కరెంటు సీటు నీదే. పైన తాడు నేను పట్టుకుంట, ఫొటో దిగాలె."

"తాడు బామ్మర్దే పట్టాలె సారూ. మా పద్ధతి గది. చెల్లె బతుకు ఆగమైతదని వాడు పానం పోయినా ఇడువడు. నేను పడితే మీకేం పోతది?"

పక్కనే ఉన్న బామ్మర్ది ఐలేశం అడిగాడు: "మీకు చెల్లె ఉన్నదా సారూ?"

"ఉన్నది, హైదరాబాద్‌ల. ఎందుకు?"

"మా బావకియ్యుండ్రి. తాడు మీ చేతులనే పెడ్తం."

పెద్దసార్లు వచ్చారు. దామోదర్ తాడు వదలలేదు, గుర్వయ్య గట్టు దిగలేదు. సార్లు నీడన చాయ్ తాగి, నివేదిక రాసుకుని పోయారు: 'చెంచులు తేనె తీయడం సైతం మరిచారు. శిక్షణ అత్యవసరం.'

కరెంటు జాబితా నిండా పట్నం పిల్లల పేర్లు. తేనె జాబితాలో మొదటి పేరు గుర్వయ్యది. పగటన్నం పెడతారు గనక పోయి కూర్చున్నాడు.

మొదటిరోజే తెర వెలగలేదు. దామోదర్ మిషన్‌ను రెండుసార్లు చరిచి ఊరుకున్నాడు. ఇదివరకు మూడుసార్లూ తేనె పాఠం వింటూ కిటికీలోంచి పక్కగదిలో కరెంటు పాఠం చూసినవాడు గుర్వయ్య. లేచి, ఊడిన తీగ వెతికి బిగించాడు. తెర మీద తేనెపట్టు బొమ్మ వెలిగింది.

"శభాష్," అన్నాడు దామోదర్. "ఇగ కూసో. తేనె ఎట్ల తియ్యాల్నో మంచిగ చూడు."