ఎంగిలి కాని గొట్టం

ఆ రోజుల్లో మా ఇండ్లలో నీళ్ళు తాగడం కూడా నేర్చుకోవలసిన విద్యే. చెంబు పెదవికి తగలకూడదు. తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి గొంతులోకి ధార పోసుకోవాలి. కొత్త కోడలు రవిక తడవకుండా తాగిందంటే పుట్టింటివాళ్ళు బాగా పెంచారని పేరు. నేను ఆ పరీక్షలో మొదటిరోజే నెగ్గాను కాబట్టి ఎంగిలి సంగతిలో ఇంటికంతటికీ నేనే పెద్దమనిషినైపోయాను. ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరు ముట్టకూడదు. ఒకరు తాగిన గ్లాసు బూడిదతో తోమందే వంటింట్లోకి రాకూడదు. (మొగుడు తిన్న కంచంలో పెండ్లాం తినడం మాత్రం ఎంగిలి కిందికి రాదట. ఆ చట్టం ఎవరు చేశారో గాని మొగవాళ్ళే అయి ఉంటారు.) అటువంటి దాన్ని, ఒక రబ్బరు గొట్టం కోసం కరీంనగర్ బజారంతా తిరిగానంటే మీరు నవ్వుతారు. నవ్వండి, అప్పుడు మావాళ్ళూ నవ్వారు.

మా ఆయనకు హుస్నాబాద్‌లో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉండేది. ఆ ఏడు పత్తి విత్తనం బాగా అమ్మాడని, తక్కిన డీలర్లతో పాటు మా మొగుడూ పెండ్లాలిద్దరినీ అండమాన్ తీసుకుపోతామన్నారు కంపెనీవాళ్ళు. అంతకుముందు పోయివచ్చినవాళ్ళ ముచ్చట్లన్నీ మోసుకొచ్చి ఆయన అన్నం ముందు కూర్చున్నాడు.

"సముద్రంల మొఖం ముంచి చేపలు చూసుడట. కండ్లకు అద్దం, నోట్లె గొట్టం పెట్టుకోవాలె. గొట్టం కొస నీళ్ళ మీద ఉంటది, దాంతోని ఊపిరి తీసుకునుడు."

"గొట్టం ఎవలిది?"

"గాళ్ళే కిరాయికిస్తరు."

"నిన్నటిదాకా ఎవల నోట్లె ఉన్నది?"

ఆయన ముద్ద ఆపి ఆలోచించాడు. "కడుగుతరటనే."

"దేంట్ల?"

"సముద్రంలనే."

సొంత గొట్టం కొంటేనే వస్తాను, లేకపోతే నువ్వొక్కడివే పోయిరా అన్నాను. అన్నానే గాని పోవాలని నా ప్రాణం కొట్టుకుంటున్నది. నేను చెన్నూరు దిక్కు గోదావరి పిల్లను. నడక తర్వాత నేర్చింది ఈతే. పెండ్లయిన కొత్తలో ఆయన, తాను కూడా చిన్నప్పుడు గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినవాణ్ణే అన్నాడు. నల్లగా, బక్కగా ఉన్న మనిషి ఆ ఒక్క మాటతో నాకు నచ్చాడు. పిల్లలు పుట్టారు, దుకాణం పెరిగింది, ఇద్దరం కలిసి ఒక్కసారైనా నీళ్ళలో దిగింది లేదు. సముద్రంలో పక్కపక్కన తేలాలని, ఒకే చేపను ఇద్దరం చూడాలని నా కోరిక.

కరీంనగర్‌లో క్రికెట్ బ్యాట్లు అమ్మే సేటు మాకు ఈత కళ్ళద్దాలు చూపించి, గొట్టం లేదన్నాడు. మోటార్ల దుకాణంలో గొట్టం ఉందన్నారు గాని ఎన్ని గజాలు కావాలని అడిగారు. మందుల దుకాణంలో చూపించినదాన్ని నేను ముట్టలేదు, అది ఎక్కడ పెడతారో నాకు తెలుసు. ఆఖరికి ఆ బ్యాట్ల సేటే హైదరాబాద్ నుంచి తెప్పించాడు. ముక్కూ కండ్లూ కప్పే పెద్ద అద్దం, దానికి తగిలించే గొట్టం. దాని పేరేదో చెప్పాడు, నాకు నోరు తిరగలేదు. మా ఇంట్లో అది ఇప్పటికీ గొట్టమే. రెండు జతలు తీసుకుందామంటే మా ఆయన ఒప్పుకోలేదు. గోదావరి ఈదినవాడికి ఇవన్నీ ఎందుకు, ఊరికే మునిగి చూస్తానన్నాడు. నేను సంబరపడ్డాను కూడా.

ఇంటికి తెస్తే మా ఆడబిడ్డ ఊరుకోలేదు. "సముద్రం దాటిన దేవుడు ఆంజనేయస్వామి ఒక్కడే. ఆయన కాడ పూజ చేయియ్యకుంట ఎట్ల తీస్కవోతవు తమ్మీ" అన్నది. చెన్నూరుకు పోతూ కొండగట్టు అంజన్న గుట్ట ఎక్కాము. బండ్ల పూజ వరుసలో ముందు కొత్త ట్రాక్టరు, వెనక కొత్త స్కూటరు, నడుమ పళ్ళెంలో మా గొట్టం. అయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి ఇది దేనికని అడిగారు. ఊపిరికి, అన్నాడు మా ఆయన. అయ్యగారు ఏ రోగమని అనుకున్నారో ఏమో, నా దిక్కు జాలిగా చూసి, పేరూ గోత్రం అడిగి, ప్రత్యేకంగా హారతి ఇచ్చి, అద్దానికి చేతినిండా సిందూరం పూశారు.

మా పుట్టింటి పొలం బావిలో పరీక్ష పెట్టుకున్నాము. నేను చీర గోచి పోసి దూకాను. బట్టలు ఉతకడానికి వచ్చిన ఒకావిడ, బావిలో గొట్టం ఒంటరిగా చుట్టూ తిరగడం చూసి, బకెట్ అక్కడే పడేసి ఊళ్ళోకి పరుగెత్తింది. అందరూ నవ్వుతున్నప్పుడు మా తమ్ముడు "బావా, ఇగ నువ్వు దుంకు" అన్నాడు. మా ఆయన ఇప్పుడే తిన్నానన్నాడు. మేమెవరమూ ఇంకా తినలేదు. నీళ్ళలోంచి తలెత్తి చూస్తే ఒక చేత్తో మోటారు పైపును గట్టిగా పట్టుకొని, బావికి రెండడుగులు వెనక నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. గోదావరిని ఈదిన మనిషి ముఖం కాదది. నేను అద్దం సర్దుకొని, "ఆయనకు పడిశం పట్టింది, ఊకో" అన్నాను తమ్ముడితో. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎత్తకపోతే పక్కపక్కన తేలే ముచ్చట నాకు లేదు.

అండమాన్ ద్వీపంలో పడవవాడు నీలం బకెట్ నిండా గొట్టాలు తెచ్చి పెట్టాడు. తక్కినవాళ్ళందరూ చేతికందినది అందుకొని నోట కరుచుకున్నారు. నేను కొత్త తువాలు విప్పి నాది తీశాను, నగల పెట్టె తీసినట్టు. సముద్రంలో ముఖం పెట్టగానే సగం సముద్రం కాషాయంగా కనబడింది. కొండగట్టు సిందూరం అద్దం మూలల్లో అట్లాగే ఉంది. మిగిలిన సగంలో ఏమేం ఉన్నాయో ఎట్లా చెప్పను. చీర అంచు తెగి ఈదుతున్నట్టు ఒకటి, పసుపుకొమ్ము అంత ఒకటి, గుంపుగా పోతూ అన్నీ ఒక్కసారే మళ్ళేవి కొన్ని. చూపిద్దామని పక్కకు చేయి చాచాను. పక్కన నీళ్ళే ఉన్నాయి.

తలెత్తితే ఆయన ఒడ్డున అందరి చెప్పులూ జతలు జతలుగా పేర్చి కాపలా ఉన్నాడు. రమ్మని పిలిచాను. మోకాళ్ళ లోతుకు వచ్చి ఆగాడు. నేనే దగ్గరికి పోయాను.

"నాకు ఈత రాదు" అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు.

"బావి కాడనే ఎరుకైంది."

"మరి ఎందుకడుగలే?"

"నువ్వే చెప్తవని. రా, నడుము లోతులనే ఉందాం. చెయ్యి పట్టుకుంట."

పడవవాడు బకెట్లోంచి ఒక గొట్టం తీసి ఆయనకు చాచాడు. ఏమాలోచించానో తెలియదు, నా నోట్లోది తీసి, అద్దంతో సహా ముందుకు పెట్టాను. పడవలో ఉన్న డీలర్లలో ఒకడు, "అన్నా, జర సూసుకో, గది వదిన ఎంగిలి" అని అరిచాడు, తక్కినవాళ్ళు గొల్లుమన్నారు. మా ఆయన వాళ్ళ దిక్కు చూశాడు, గొట్టం దిక్కు చూశాడు. తుడవలేదు, కడగలేదు, నోట్లో పెట్టుకున్నాడు.

ముఖం ముంచగానే గొట్టం పై నుంచి బూర ఊదినట్టు ఒకటే చప్పుడు. నా వేళ్ళు విరిగేట్టు పట్టుకున్నాడు. కాసేపటికి లేచాడు.

"ఏమన్నవు లోపల?"

"చెయ్యి ఇడువకు అని అన్న."

"చేపలు చూసినవా?"

"కండ్లు తెరిస్తే గద."

రెండోసారి తెరిచాడు. ఇక లేవలేదు. ఖాళీ చేత్తో అటు చూడు, ఇటు చూడు అని చూపిస్తూనే ఉన్నాడు, అద్దం తన ముఖానికే ఉందన్న సంగతి మరచి. పడవవాడు కేకేసేదాకా ఆయన కాసేపు, నేను కాసేపు, అదే గొట్టం. ఎవరూ కడగలేదు. (నేను చెప్తుంటే ఇది రాస్తున్న మా మనవరాలు ముక్కు చిట్లిస్తున్నది. చిట్లించనీ, అది నా పోలికే.)

ఇప్పుడాయన లేడు. మొన్న అటక దులుపుతుంటే గొట్టం దొరికింది. రబ్బరు బిగుసుకుపోయింది. పండ్లతో కరిచే చోట రెండు రకాల గాట్లున్నాయి, పైపైన ఉన్నవి నావి, లోతువి ఆయన భయానికి కొరికినవి. ఎవరూ లేరు కదా అని నోట్లో పెట్టుకొని, ఆ లోతు గాట్లలో నాకున్న నాలుగు పండ్లు ఆనించి చూశాను. సరిగ్గా కూర్చోలేదు, ఆయన దవడ పెద్దది. అంతలో పెరుగు తోడుకని వచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏందక్కా, ఊపిరి ఆడుతలేదా" అని పరేషాన్‌గా అడిగింది.

గొట్టం తీసి, "ఆడుతాంది" అన్నాను.